లాభమంతా ఐదో వాయిదాలోనే

మీ వీధిలోనూ ఒకావిడ ఉండే ఉంటుంది. ముందుగదిలో బీరువా, బీరువా నిండా చీరలు. కింద దుప్పటి పరిచి ఒక్కొక్కటే మడత విప్పుతూ "ఇది మీ ఒంటి రంగుకి ఎలా ఉంటుందో చూడండి" అనే ఆవిడ. షాపుకి వెళ్తే ఆటో ఖర్చు, పిల్లల పేచీ, పది చీరలు తీయించేసరికి సేల్స్ కుర్రాడి ముఖంలో విసుగు. ఈవిడ దగ్గరైతే తీరుబడిగా కూర్చుని, టీ తాగి, నాలుగు కబుర్లు చెప్పుకుని, "డబ్బు నెలకింత ఇస్తాలెండి" అని చీర కవర్లో పెట్టుకుని వచ్చేయొచ్చు. కొనేవాళ్ళకి ఇంత సుఖమైన బేరం ఇంకోటి లేదు. మరి అమ్మే ఆవిడకి?

అది నాకు కాస్త తెలుసు. మా పెద్ద తోడికోడలు విజయవాడలో ఇంట్లోనే చీరలు అమ్ముతుంది. నేను బీకాం చదివాను. పెళ్ళయ్యాక ఉద్యోగం చెయ్యలేదు, ఇల్లు చూసుకుంటూ వీలున్నప్పుడు కథలు రాసుకుంటాను. ఆ బీకాం ఎందుకు పనికొచ్చిందీ అంటే, 2012 నుంచి ఆవిడ లెక్కల పుస్తకం రాసేది నేనే. కథల్లో మనుషుల్ని నేను తయారుచేస్తాను. ఆ పుస్తకంలో వాళ్ళే తయారై వచ్చి కూర్చుంటారు.

చిన్న వ్యాపారంలో అన్నిటికంటే కష్టం ఏమిటంటే కొందరు పెట్టుబడి అంటారు, కొందరు పోటీ అంటారు. ఈ మధ్య అందరూ ఆన్‌లైన్ అంటున్నారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ ఇంట్లోంచి వ్యాపారం చేసే ఆడవాళ్ళకి అసలు కష్టం సరుకు అమ్మేశాక మొదలవుతుంది. తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి "నా డబ్బు ఇవ్వండి" అని అడగాలి. ఆ ఒక్క మాటా గొంతు దాటి రాదు.

సెట్టులో ఒక రంగు

బావగారు పనిచేసే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు మూతపడ్డ ఏడు అక్క ఈ పని మొదలుపెట్టింది. (తోడికోడలే అయినా నాకు అక్కే.) పాడిన చీటీ డబ్బు చేతికొచ్చింది. దాంతో వన్‌టౌన్ వస్త్రలతకి వెళ్ళి ఇరవై చీరలు తెచ్చింది. కృష్ణ దాటి మంగళగిరి వెళ్ళి ఆరు నేత చీరలు తెచ్చింది. వాటిని చుట్టాలకి చూపిస్తే మూడు రోజుల్లో సగం అయిపోయాయి. "ఇంత సులువా!" అనుకున్నాం ఇద్దరం.

హోల్‌సేల్ దగ్గర చీరలు మనకి నచ్చినవి ఏరుకోనివ్వరు. సెట్టుగా తీసుకోవాలి. ఒకే డిజైను, ఆరు రంగులు. ఆ ఆరింట్లో ఒక రంగు ఎవరికీ అక్కర్లేనిది ఉండి తీరుతుంది. ఐదు అమ్ముడుపోతాయి, ఆరోది బీరువా అడుగుకి చేరుతుంది. ఏడాది తిరిగేసరికి బీరువా అడుగున అలాంటివి పాతిక పోగవుతాయి. అదీ పెట్టుబడే, కానీ మడతలు పడి నిద్రపోతున్న పెట్టుబడి. ఆషాఢంలో కొన్న ధరకే వాటిని వదిలించుకుందామంటే అప్పటికే పెద్ద షాపులు సగం ధర బోర్డులు కట్టేసి ఉంటాయి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. అప్పటిదాకా లేని 5 శాతం పన్ను హోల్‌సేల్ బిల్లులోకి ఎక్కింది. పెద్ద షాపువాళ్ళు తాము కట్టింది లెక్కలో తగ్గించుకుంటారు. రిజిస్ట్రేషన్ లేని ఇంటి వ్యాపారానికి ఆ సదుపాయం లేదు. కట్టింది ధరలో కలుపుకోవాలి, లేదా మింగాలి. అక్క మొదటి ఆర్నెల్లూ మింగింది. ఇవన్నీ మామూలు కష్టాలే, తట్టుకోవచ్చు.

ఇక అరువు. కిరాణా కొట్లో "నేడు రొక్కం - రేపు అరువు" అని బోర్డు పెట్టుకుంటాడు షావుకారు. అది చదివి ఎవరూ నొచ్చుకోరు. ఇంట్లో దుప్పటి పరిచి చీరలు చూపించే ఆవిడ వెనకాల గోడకి అలాంటి బోర్డు ఊహించుకోండి! అసలు ఆవిడ దగ్గరికి జనం వచ్చేదే వాయిదాల కోసం. రొక్కం ఉంటే షాపుకే వెళ్తారు. కాబట్టి అరువు ఇవ్వనంటే వ్యాపారం లేదు, ఇస్తే డబ్బు లేదు. ఈ రెంటి మధ్యనే ఇంటి వ్యాపారం నడుస్తుంది.

ఒక చీర లెక్క

మీరూ ఒకసారి కాగితం మీద వేసి చూడండి. హోల్‌సేల్‌లో 1,400 పడ్డ చీర. అక్క దాన్ని 1,750కి అమ్ముతుంది. మిగిలేది 350. చూడ్డానికి బాగానే ఉంది కదా. ఇచ్చేది ఐదు వాయిదాలు, నెలకి 350 చొప్పున.

మొదటి నెల 350 వచ్చింది. అది హోల్‌సేల్ వాడిది. రెండోది వాడిదే. మూడోది, నాలుగోది కూడా వాడివే. నాలుగు మూడొందల యాభైలు పద్నాలుగు వందలు, అసలు తీరింది. అక్కది అంటూ ఏమైనా ఉంటే అది ఐదో వాయిదాలోనే ఉంది. మొత్తం లాభమంతా అక్కడే కూర్చుని ఉంది.

హోల్‌సేల్ వాడు ఐదు నెలలు ఆగడు. నెల దాటితే కొత్త సరుకు ఇవ్వడు. అందుకని బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టిందనుకోండి. మొదటి నెల 1,400 మీద 28, తర్వాత 1,050 మీద 21, ఆ తర్వాత 14, ఆపైన 7. మొత్తం 70 రూపాయలు వడ్డీకే పోయింది. ఇక మిగిలేది 280. అందులోంచి ఆటో, కవర్లు, ఫోన్లు, వచ్చినవాళ్ళకి టీలు. మధ్యాహ్నం మూడు గంటలు కూర్చుని చీరలన్నీ విప్పించి "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయినవాళ్ళ కోసం ఖర్చయిన నడుము సంగతి ఏ లెక్కలోనూ రాయలేం.

ఆ ఐదో వాయిదా రాకపోతే అక్క ఆ చీరని వన్‌టౌన్ నుంచి మోసుకొచ్చి, నాలుగు నెలలు వడ్డీ కట్టి, ఊరికే ఇచ్చినట్టు. అసలు చీర డబ్బంతా మునిగితే ఇంకా దారుణం. పోయిన 1,400 పూడ్చుకోవడానికి ఇంకో నాలుగు చీరలు అమ్మి, వాటి లాభమంతా అందులో పొయ్యాలి. ఒక మనిషి ఎగ్గొడితే నలుగురు నిజాయితీపరుల దగ్గర సంపాదించింది పోతుందన్నమాట.

విచిత్రం ఏమిటంటే ఎక్కువగా ఆగిపోయేది కూడా ఆ ఐదోదే. మొదటి రెండు వాయిదాలు చీర కొత్తగా ఉన్నప్పుడు వచ్చేస్తాయి. ఐదో నెలకి ఆ చీర రెండు పెళ్ళిళ్ళు, ఒక వ్రతం చూసి, చాకలికి వెళ్ళొచ్చి ఉంటుంది. పాతబడిన చీరకి డబ్బు కట్టాలంటే ఎవరికైనా మనసు రాదు. పైగా "ఇక ఎంతని, మూడొందల యాభయ్యే కదా, ఎప్పుడో ఇచ్చేస్తే సరి" అనిపిస్తుంది. ఇచ్చేవాళ్ళకి అది మూడొందల యాభయ్యే. అక్కకి అది ఐదు నెలల కష్టం.

"మా ఆయన ఉన్నప్పుడు చెయ్యకండి"

అయితే ఎగ్గొట్టే వాళ్ళంతా చెడ్డవాళ్ళని రాస్తే నా పుస్తకమే నన్ను తప్పు పడుతుంది. పేర్ల పక్కన నేను చిన్న చిన్న గుర్తులు రాస్తాను. "సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ వద్దు." "ఆదివారం వద్దు." "అత్తగారు ఫోన్ తీస్తే చీటీ డబ్బు గురించి అని చెప్పాలి." ఇలాంటివి సగం పేర్ల పక్కన ఉంటాయి.

చీర కొన్న సంగతే ఇంట్లో తెలీదు. తెలిసినా ధర తెలీదు. 1,750 చీరని "ఐదొందలకి వచ్చింది, సేల్లో" అని చెప్పుకున్న వాళ్ళున్నారు. నవ్వొస్తుంది కానీ, ఎందుకలా చెప్పాల్సొచ్చిందో ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. నెలనెలా ఇచ్చే ఆ 350 భర్త జీతంలోంచి విడిగా వచ్చేది కాదు. పాల లెక్కలోంచీ, కూరల లెక్కలోంచీ, పాత పేపర్లు అమ్మిన దాంట్లోంచీ, రూపాయి రూపాయి తప్పించి పక్కన పెట్టుకున్నది. ఆ నెల పిల్లాడికి జ్వరం వస్తే, గ్యాసు వారం ముందే అయిపోతే, మొదట ఆగిపోయేది చీర వాయిదా. అమ్మేదీ తన చేతిలో డబ్బు లేని ఆడదే, కొనేదీ తన చేతిలో డబ్బు లేని ఆడదే. అందుకే గట్టిగా అడగడం అంత కష్టం.

యూపీఐ వచ్చింది కదా, ఫోన్లో నొక్కితే చాలు కదా అంటారేమో. 2016లో అది వచ్చాక మాకు కొంత తేలికైంది నిజమే. కానీ కొందరికి అదే చిక్కు. బ్యాంకు ఖాతా ఇద్దరి పేరు మీదా ఉంటుంది, మెసేజ్ ఆయన ఫోనుకి వెళ్తుంది. అందుకని ఇప్పటికీ మా ఖాతాదారుల్లో చాలామంది నోట్లు మడిచి చేతిలో పెట్టే వెళ్తారు.

ఇంకో సంగతి గమనించాను. ఇదే మనుషులు పొదుపు సంఘం కిస్తీ ఒక్కరోజు తప్పరు. 1992లో నాబార్డు సంఘాలని బ్యాంకులతో కలిపే పథకం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మన పల్లెల్లోనూ బస్తీల్లోనూ ఆడవాళ్ళు ఎంత క్రమంగా కడుతున్నారో అందరూ చెప్పుకునేదే. అక్కడ ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిదిమందికీ అప్పు ఆగిపోతుంది. అందరూ అడుగుతారు, అడగడంలో తప్పులేదని అందరికీ తెలుసు. మా అక్క పుస్తకంలో అడగడానికి అక్క ఒక్కతే.

అడగడంలో హద్దు దాటితే ఎలా ఉంటుందో కూడా మనం చూశాం. మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు గుమ్మాల్లో కూర్చుని వసూలు చేసిన రోజులు, ఆత్మహత్యల వార్తలు, చివరికి 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి రావడం - అక్కకి అవన్నీ గుర్తే. "డబ్బు పోతే పోయింది గానీ ఒకరి గుమ్మంలో నేనలా కూర్చోను" అంటుంది. మంచిమాటే. కానీ గుమ్మంలో కూర్చోవడానికీ, అసలు నోరెత్తకపోవడానికీ మధ్య చాలా చోటుంది. ఆ చోటు వెతుక్కోవడానికి మాకు ఆరేళ్ళు పట్టింది.

నలభై ఒక్క ఇళ్ళు

2018 జూన్. అక్క కూతురికి ఇంజనీరింగులో సీటొచ్చింది. ఫీజుకి పది రోజులు గడువు. శ్రావణం దగ్గరికొస్తోంది కాబట్టి సరుకూ తేవాలి. హోల్‌సేల్ వాడు పాత బాకీ కట్టందే సెట్టు ముట్టుకోనివ్వనన్నాడు. ఇంట్లో చూస్తే పద్నాలుగు వేలు ఉన్నాయి. పుస్తకంలో చూస్తే రావలసింది 1,86,400!

ముద్ర పథకంలో తెచ్చుకున్న 50 వేలు కూడా అందులోనే ఉన్నాయి. 2015లో ఆ పథకం వచ్చాక శిశు అనే విభాగం కింద అంతవరకూ హామీ లేకుండా ఇచ్చేవారు. పెట్టుబడి దొరకడమే కష్టం అని అంటారు చూశారూ, దొరికింది కూడా చీరలై ఊళ్ళోవాళ్ళ బీరువాల్లోకి వెళ్ళిపోయింది. అసలు తీర్చడం మాత్రం అక్క వంతు.

ఆ రాత్రి వంటిల్లు సర్దేశాక ఇద్దరం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. మొత్తం 73 పేర్లు. ఎవరు ఎంత బాకీ అని కాకుండా, ఎవరి దగ్గర ఎన్నో వాయిదా ఆగిపోయింది అని వేరే కాగితం మీద రాశాను. 41 పేర్ల దగ్గర ఆగినవి ఆఖరిదో, ఆఖరి రెండో. అక్క ఆ కాగితం చాలాసేపు చూసింది. "అంటే నా లాభం నలభై ఒక్క ఇళ్ళల్లో ఉందన్నమాట" అంది.

ఫీజు కోసం రెండు గాజులు బ్యాంకులో పెట్టారు. మర్నాటి నుంచి మేమిద్దరం ఆ కాగితం పట్టుకుని తిరిగాం. ఆవిడ ఒక్కతే వెళ్తే టీ తాగి వచ్చేస్తుందని నేను తోడు వెళ్ళాను. పక్కన పుస్తకం పట్టుకుని మనిషి ఉంటే మాట కబుర్లలోకి జారిపోదు. మేం అడిగిన మాట ఒకటే. "అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి, మీ దగ్గర ఇంత ఉంది, ఎప్పుడిస్తారో తారీఖు చెప్పండి, రాసుకుంటాం." నెల రోజుల్లో 60 వేల చిల్లర వచ్చింది.

ముందుగా ఇచ్చినవాళ్ళెవరో చెప్తే మీరు నమ్మరు. స్కూల్లో ఆయాగా చేసే ఆవిడ, టిఫిన్ బండి ఆవిడ, మాకు పాలుపోసే అమ్మాయి. నలుగురు పెద్దిళ్ళ వాళ్ళు మాత్రం "మేమెక్కడికి పారిపోతాం?" అన్నారు. వాళ్ళు ఎక్కడికీ పారిపోలేదు నిజమే, డబ్బు మాత్రం రాలేదు. మా బంధువుల్లో ఒకావిడ అడిగినందుకు మాట్లాడడం మానేసింది. తర్వాత గృహప్రవేశానికి అందరినీ పిలిచి అక్కని పిలవలేదు. 2,100 రూపాయల బాకీకి ముప్ఫై ఏళ్ళ చుట్టరికం! అక్క ఆ రోజు చీరలు చూపించలేదు, బీరువా తీయలేదు.

పద్ధతి మార్చింది మాత్రం ఆ నెలలోనే. అదే 1,750 చీరకి ఇప్పుడు ఇచ్చేటప్పుడే 750 తీసుకుంటుంది. మిగతా వెయ్యి నాలుగు నెలలు, నెలకి 250. మూడో నెలకే అసలు వచ్చేస్తుంది. ఆఖరి 250 రాకపోయినా వంద మిగులుతుంది. రొక్కం అయితే 1,650. ఒక చీర బాకీ ఉండగా రెండోది ఇవ్వదు, సొంత చెల్లెలైనా సరే. ఒక్కో ఖాతాదారుకీ పాలకార్డులాంటి కార్డు. తారీఖు, ఇచ్చింది, ఉన్నది, పక్కన వాళ్ళ పొట్టి సంతకం. "కార్డు మీ దగ్గరే ఉంచండి, ఇంటికి తీసుకెళ్తే గొడవ" అన్నవాళ్ళు ఎందరో. సరే, రెండూ మా డబ్బాలోనే ఉంటాయి.

ఆ శ్రావణం అమ్మకం సగానికి పడిపోయింది. వరలక్ష్మీ వ్రతం వెళ్ళిన మర్నాడు బీరువా నిండా చీరలు చూసి బావగారు "ఉన్న బేరాలు చెడగొట్టుకున్నారు ఇద్దరూ" అన్నారు. దసరాకి హోల్‌సేల్ బాకీ తీరింది. సంక్రాంతికి గాజులు వచ్చాయి. ఆయన ఆ మాట మళ్ళీ అనలేదు, ఒప్పుకోనూ లేదు.

చట్టం ఉన్నా

"కోర్టుకి వెళ్ళొచ్చు కదా" అనే సలహా చాలామంది ఇచ్చారు. వెళ్ళొచ్చు. అమ్మిన సరుకు డబ్బు కోసం మూడేళ్ళలోపు దావా వెయ్యాలి, దాటితే కాలదోషం పడుతుంది. కానీ 1,750 కోసం వకీలు ఫీజు ఎవరిస్తారు?

మా క్లాస్‌మేట్ ఒకతె గుంటూరులో నాలుగు మిషన్లు పెట్టి స్కూలు యూనిఫాంలు కుట్టిస్తుంది. తనది ఇంకో రకం. ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు తనకి 62 వేలు బాకీ పడి ఏడాది దాటింది. తనకి మాత్రం చట్టం తోడుంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల చట్టం ప్రకారం సరుకు తీసుకున్నవాళ్ళు ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, రాతపూర్వకంగా ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో ఇచ్చుకోవాలి. కేసు కోర్టుకి కాదు, రాష్ట్రంలో ఉండే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. తీర్పు మీద అవతలివాళ్ళు అప్పీలుకి వెళ్ళాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చెయ్యాలి. 2017 అక్టోబరులో సమాధాన్ అనే పోర్టల్ కూడా తెచ్చారు, ఇంట్లోంచే ఫిర్యాదు పెట్టొచ్చు. కావలసింది ఉద్యం రిజిస్ట్రేషన్. 2020 జులై 1 నుంచి అది ఆధార్ నంబరుతో ఉచితంగా ఇచ్చేలా చేశారు. బాకీ పడ్డది వ్యాపారస్తులైతే ఇంకో మెలిక కూడా పెట్టారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం ఆ గడువు దాటి బాకీ ఉంచిన సొమ్ముని, కట్టేదాకా ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు.

ఇవన్నీ నేనే ఫోన్ చేసి చెప్పాను. అన్నీ విని "నిజమేనే, కానీ కేసు పెడితే వచ్చే జూన్‌లో ఆర్డరు ఇంకొకళ్ళకి పోతుంది. మిగతా స్కూళ్ళకీ తెలుస్తుంది. నలుగురు కుట్టేవాళ్ళకి నేను వారం వారం ఇవ్వాలి" అంది. చివరికి చట్టంలోని ఆ సెక్షన్ రాసి, వడ్డీ లెక్క వేసి, గౌరవంగా ఒక ఉత్తరం పంపింది. రెండు నెలలకి 40 వేలు ఇచ్చారు. మిగతా 22 వేల కోసం ఇప్పటికీ తిరుగుతోంది. ఆర్డరు మాత్రం పోలేదు.

మా అక్కకి ఆ మాత్రం ఆసరా కూడా లేదు. ఆ చట్టం వస్తువులు తయారుచేసేవాళ్ళకీ, సేవలందించేవాళ్ళకీ. కొని అమ్మే వ్యాపారుల్ని 2021 జులైలో ఉద్యంలో చేర్చుకున్నారు గానీ, అది బ్యాంకులు ప్రాధాన్య రంగంగా అప్పు ఇవ్వడం వరకే. అంటే అక్కకి అప్పు పుడుతుంది, బాకీ వసూలు కాదు.

పాత నోట్లు, కొత్త బాకీలు

ఇన్నేళ్ళలో పుస్తకంలో పాత బాకీలన్నీ వరసపెట్టి వచ్చింది ఒక్కసారే. 2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి చూడండి, ఆ మర్నాడు. తొమ్మిదింటికల్లా గుమ్మంలో మనుషులు! "పాపం, ఎప్పటినుంచో మీకు ఇవ్వాలని..." అంటూ రద్దయిన ఐదొందల నోట్లు చాచారు. మూడేళ్ళుగా ఫోనెత్తని ఒకావిడ ఏకంగా వాయిదాలన్నీ కలిపి కట్టేస్తానంది. అక్కేమో మర్యాద కొద్దీ తీసుకుంది. ఆ నోట్లు మార్చుకోవడానికి బావగారు బ్యాంకు ముందు నాలుగు రోజులు నిలబడ్డారు.

2020 మాత్రం వేరు. మార్చిలో లాక్‌డౌన్, ఆ వేసవి పెళ్ళిళ్ళన్నీ ఆగిపోయాయి. ముహూర్తాల కోసమని తెచ్చిన పట్టుచీరలు బీరువాలోనే ఉండిపోయాయి. ఆ ఏడాది అక్క ఎవరినీ అడగలేదు, నేనూ పుస్తకం తెరవలేదు. ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసే ఒకామెకి జీతం ఆగిపోయింది. ఆమె ఊరికి వెళ్ళిపోయిందని తెలిసి అక్కే పేరు కొట్టేయమంది. నేను కొట్టెయ్యలేదు, పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టి ఊరుకున్నాను. 2022 దసరా ముందు ఆమె వచ్చి రెండు 250లు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ రోజు చీర ఏమీ కొనలేదు. చూపించనూ వద్దంది.

ఇప్పుడు అక్క దగ్గర 46 ఖాతాలున్నాయి. వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెడుతుంది. గ్రూపులో బాకీల మాట ఎత్తకూడదని నియమం. పిల్ల ఉద్యోగంలో చేరింది, "ఇక మానెయ్యమ్మా" అంటుంది. అక్క వినడం లేదు. చిన్న వ్యాపారం పెట్టుకుందామని సలహా కోసం వచ్చే ఆడపిల్లలకి ఆవిడ సెట్టు గురించీ, రంగుల గురించీ గంటసేపు చెప్తుంది. చివర్లో కార్డుల డబ్బా తీసి వాళ్ళ చేతిలో పెడుతుంది. చాలామంది దాన్ని పెద్దగా పట్టించుకోరు, చీరలవైపే చూస్తారు.

ఈ నెల గడువు దాటినవి పదకొండు కార్డులు. తొమ్మిది అక్క చూసుకుంటుంది. మిగతా రెండూ మా పుట్టింటి వైపు వాళ్ళవి. వాళ్ళకి ఫోన్ చెయ్యడం నా వంతు. ఒకావిడ సాయంత్రం ఆరు దాటాక చెయ్యొద్దంది. ఇప్పుడు నాలుగున్నర అయింది.